సున్నం పిన్ని ఆరబెట్టిన ఇల్లు

అద్దె ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఒకరు కొళాయి తిప్పి చూస్తారు, ఒకరు కిటికీ తీసి చూస్తారు, ఇంకొకరు పక్కింటివాళ్ల మొహాలు చూస్తారు. మా వీధిలో అందరూ సున్నం పిన్ని అని పిలిచే మనిషి గోడకు చెంప ఆనించి చూస్తుంది. చెప్పులు గుమ్మం బయట విడిచి, గదిలో చీకటిగా ఉన్న మూలకు వెళ్లి, నేలకు జానెడు ఎత్తున వంగి, కళ్లు మూసుకుని గోడకు చెంప పెడుతుంది. చూసేవాళ్లకు నవ్వొస్తుంది.

"గోడ ఏం చెబుతోంది పిన్నీ, ఏమైనా రహస్యమా?" అని ఒకసారి ఇళ్ల బ్రోకరు వేళాకోళమాడాడు.

"వచ్చే ఏడాది అద్దె పెంచుతారట, చెబుతోంది" అంది ఆమె, చెంప తీయకుండానే.

చేత్తో తడిమితే తెలియదా అని నేను అడిగాను. జవాబుగా రెండు అరచేతులూ చూపించింది. సరస్సు ఒడ్డున ఉన్న లాడ్జీలన్నిటికీ దుప్పట్లూ తువ్వాళ్లూ ఉతికి, ఇస్త్రీ చేసి పంపే పెద్ద లాండ్రీలో ఆమె పనిచేస్తుంది. పెళ్లి కాకముందు నుంచీ అదే పని. ఇస్త్రీ రోలరు నుంచి సెగలు కక్కుతూ వచ్చే దుప్పటిని అంచులు పట్టి లాగి మడవాలి. ఆ వేడికి అరచేతులు తోలులా గట్టిపడి స్పర్శ చచ్చిపోయింది. "చేతికి చల్లనా వెచ్చనా తెలీదు సార్. చెంపకైతే తెలుస్తుంది" అంది. అందులో ఆమెకు వింతేమీ కనిపించలేదు.

మాది పెద్ద నగరానికి బస్సులో పనికి వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరగలిగేంత దూరంలో, సరస్సు చుట్టూ పెరిగిన చిన్న ఊరు. నీటిని ఆనుకుని లాడ్జీలు, వాటి వెనక సొంత ఇళ్లవాళ్లు, ఆ వెనక పల్లంలో అద్దె ఇళ్లు. విహారానికి వచ్చేవాళ్ల కోసం ఒడ్డు వెంబడి రోడ్డు ఎత్తు పెంచి వేశారు. అప్పటి నుంచి పల్లపు వీధుల నీటికి బయటికి పోయే దారి లేదు. వానలకు సరస్సు నిండిందంటే చెమ్మ భూమిలోంచి గోడల్లోకి ఎక్కుతుంది. మోకాలి ఎత్తు దాకా పూత ఉబ్బి, నల్లబడి, పొలుసులుగా రాలుతుంది. బట్టల పెట్టె తెరిస్తే బూజు వాసన కొడుతుంది. దీనికి ఇళ్ల యజమానులు చేసే వైద్యం ఒక్కటే. ఇల్లు ఖాళీ అవగానే మెరిసే ఆయిల్ పెయింటు పూయించి, ఆ వాసన పోకముందే కొత్తవాళ్లను తీసుకొచ్చి చూపిస్తారు. రంగు కింద చిక్కుకున్న చెమ్మ మరో వానాకాలానికి రెట్టింపై బయటికి వస్తుంది. అప్పటికి కొత్తవాళ్లు పాతవాళ్లు అయివుంటారు.

సున్నం పిన్ని జీవితం ఇటువంటి ఇళ్ల గుండానే నడిచింది. ఆమె భర్త బస్సు డ్రైవరు. ఇద్దరి జీతాలు కలిపినా ఎత్తు మీది ఇల్లు అందదు. అందుకని ప్రతిసారీ ఎవరికీ అక్కర్లేని ఇంటినే తీసుకునేవారు. ఆమె ఆ ఇంటిని ఆరబెట్టేది. దుప్పట్లు ఆరబెట్టే మనిషి కాబట్టి గోడ కూడా ఆమె కళ్లకు తడిసిన బట్టలాగే కనిపించేది. గాలి తగలాలి, కింద నీళ్లు నిలవకూడదు, పైన ఏమీ కప్పకూడదు. పెయింటు గీకేసి సున్నం వేసేది. గోడ వెలుపల పేరుకుపోయిన మట్టిని తీసేసేది. ఎలుకలొస్తాయని ఎవరో సిమెంటుతో మూసేసిన గాలి కంతలను మళ్లీ తెరిచేది. ఆదివారమంతా చేతిలో సున్నం బకెట్టుతో కనిపించడం వల్లే ఆ పేరు స్థిరపడింది.

ఇల్లు ఆరేది. ఆరిన తరవాత యజమానికి ఆ ఇల్లు గుర్తొచ్చేది. ఒకాయనకు తమ్ముడి పెళ్లి కుదిరింది, ఇల్లు కావాలన్నాడు. ఒకావిడ మరమ్మతులు చేయిస్తానంది. వీళ్లు వెళ్లాక ఒక్క మేకు కూడా కొట్టించలేదు. ఇంకొకాయన కారణం చెప్పాల్సిన అవసరం లేదన్నాడు. ముగ్గురిలో నిజాయితీపరుడు ఆయనే. కారణాలు వేరుగా ఉన్నా వరస మాత్రం మారలేదు. ఉద్యోగమంతా నేను బీమా కంపెనీలో నష్టాల క్లెయిములు పరిశీలించాను. ఒకే ఇంటివాళ్లకు ఒకే నష్టం ఒకసారి జరిగితే దురదృష్టమని రాసేవాళ్లం. ప్రతిసారీ జరుగుతుంటే, దానివల్ల లాభపడుతున్నది ఎవరని చూసేవాళ్లం.

ఇప్పుడున్న ఇంటికి ఆమె వదిన కోసం వచ్చింది. వదిన అంటే డ్రైవరుకు అక్క. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఊళ్లో సగంమంది ఆమె మొహం ఎరగరు గాని గొంతు ఎరుగుదురు. తల్లి పోతే తమ్ముణ్ణి పెంచింది ఆమే. పెళ్లి చేసుకోలేదు. ఆ గొంతున్న మనిషికే ఉబ్బసం పట్టుకుంది. చెమ్మ ఇళ్లలో ఏడాది తరవాత ఏడాది గడిచేకొద్దీ ముదిరి, పడుకోవడానికే లేకుండా పోయింది. ఒరిగితే ఊపిరి అందదు. మంచం మీద గోడకు దిండు పెట్టుకుని, కూర్చునే తెల్లవార్చేది. మందులు కొంతవరకే పనిచేస్తాయి, పొడిగా ఉండే గది కావాలి అన్నాడు డాక్టరు. మందులు రాసిచ్చినట్టు గది రాసివ్వడం ఏ డాక్టరు వల్లా కాదు.

ఈ ఇల్లు కూడా వచ్చినప్పుడు నల్లగానే ఉండేది. కాని పడమటి గాలికి ఎదురుగా ఉంది. వెనక ఖాళీ స్థలం వాలుగా ఉంది. సున్నం పిన్ని చెంప పెట్టి చూసి, "ఇది ఆరుతుంది" అంది. గోడ పక్కన ఆదివారానికి బారెడు చొప్పున కాలువ తవ్వుకుంటూ వెళ్లి, అందులో కంకర నింపి, వాలు వైపు తిప్పింది. మంచాలూ బీరువాలూ గోడకు చెయ్యి పట్టేంత దూరం జరిపింది. ఒక వేసవి గడిచింది. ఇంకో వేసవి గడిచింది. ఒకరోజు మధ్యాహ్నం షిఫ్టు ముగించుకుని ఇంటికి వచ్చేసరికి వదిన మంచం మీద వెల్లకిలా, నోరు కొద్దిగా తెరిచి, కదలకుండా పడుకుని ఉంది. అప్పటిదాకా ఆమె ఆ ఇంట్లో పడుకోగా ఎవరూ చూడలేదు. పిన్ని గబగబా దగ్గరికి వెళ్లి ముక్కు దగ్గర చెంప పెట్టింది.

వదిన ఒక కన్ను తెరిచింది. "బతికే ఉన్నా. నిద్ర చెడగొట్టకు" అంది.

అప్పటి నుంచి వదిన పడుకునే నిద్రపోతోంది. ఈ కథలో మిగతా సంగతులన్నిటికన్నా ఈ ఒక్క సంగతిని పాఠకులు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. గోడ ఆరిందనీ ఇల్లు అందంగా ఉందనీ మిగతా అందరూ అనుకున్నారు. ఆ ఇంట్లోవాళ్లకు మాత్రం ఆ ఇల్లంటే ఒక మనిషి పడుకోగలగడం.

ఇంటాయనకు ఊళ్లో ఫర్నిచరు షోరూం ఉంది. ఆయన గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. ఎవరి మీదా గొంతు పెంచే మనిషి కాదు. ఒక ఏడాది వీధిలోకి నీళ్లొచ్చినప్పుడు పంపు తెచ్చి నిలబడ్డాడు. ఆయన తండ్రి సరస్సులో పడవ నడిపాడు. ఆస్తి ఎవరూ చేతికివ్వలేదు, సంపాదించుకున్నాడు. ఒప్పందం గడువు ముగిసింది, ఖాళీ చేయమని ముందుగా, పద్ధతి ప్రకారం తెలియజేశాడు. అందులో నేను పట్టుకోగల తప్పు ఒక్కటి కూడా లేదు. డ్రైవరు వచ్చి, మీరొకసారి మాట్లాడి చూడండి సార్ అంటే షోరూంకు వెళ్లాను. ప్లాస్టిక్ కవరు తీయని సోఫాలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"ఇంతకుముందు గడువు అయిపోయినా కొనసాగించారు కదా, ఇప్పుడేమైంది?" అన్నాను.

"అప్పుడు ఇల్లు అలా ఉండేది సార్. ఇప్పుడెలా ఉందో మీరే చూశారు కదా. లాడ్జీల్లో మేనేజర్లుగా వచ్చేవాళ్లకు ఇలాంటి ఇల్లే కావాలి. వాళ్లిచ్చే అద్దె వీళ్లివ్వలేరు. నేనడిగి వీళ్లను ఇబ్బంది పెట్టడమెందుకు?"

"అలా చేసిందెవరు?"

"ఆవిడే. నేను కాదన్నానా?" ఆయన మొహంలో నిజంగానే ఆశ్చర్యం. "కానీ చెయ్యమని నేనడిగానా సార్? మీరే చెప్పండి."

అడగలేదు. అది నిజం. ఇంటికి తిరిగి నడుస్తూ ఆ మాటను అన్ని వైపుల నుంచీ చూశాను. మనం అడగకుండా ఒకరు చేసిన మేలు ఉంచుకోవచ్చు. ఒప్పందం ప్రకారం ఆ మనిషిని పంపించవచ్చు. ఈ రెండూ విడివిడిగా సబబే. కాని మేలు ఉంది కాబట్టే మనిషిని పంపడం సబబెలా అవుతుంది? ఇల్లు నల్లగా ఉండి ఉంటే ఆమెను కదిపేవాడు కాదు. అంటే ఆమెకు పడిన శిక్ష బాగు చేసినందుకు. దీన్ని ఏ చట్టమూ తప్పనదు. నాకు ఇంటాయన మీద వచ్చిన కోపం కన్నా ఆ సంగతి మీద వచ్చిన కోపం పెద్దది, ఇంకా పోలేదు.

వాళ్లు ఇళ్లు వెతకసాగారు. దొరికిన ప్రతి ఇంట్లోనూ పిన్ని చెంప పెట్టి, లేచి చెప్పులు వేసుకునేది. "పోనీ, ఇదీ ఆరబెట్టుకుందాంలే" అని డ్రైవరు ఒకచోట అన్నాడు. "ఆరేదాకా మీ అక్క ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటుందా?" అంది. ఆ తరవాత ఆయన ఆ మాట ఎత్తలేదు.

ఇటు ఇల్లు చూడటానికి జనం రావడం మొదలైంది. బ్రోకరు వేళాపాళా లేకుండా తీసుకొచ్చేవాడు. డ్రైవరు తెల్లవారుజామున మొదటి బస్సు నడిపి వచ్చి మధ్యాహ్నం నిద్రపోతాడు. ఆ నిద్ర మధ్యలో ఎవరో అపరిచితులు మంచం పక్కన నిలబడి, ఈ గదిలో డబుల్ కాట్ పడుతుందా అని చర్చించుకునేవారు. ఒకాయన పడుకున్న మనిషి మీదుగా వంగి కిటికీ గడియ తీసి చూశాడు.

ఇక్కడ సున్నం పిన్ని చేసిన పొరపాటు చెప్పాలి. ఆమె తప్ప ఇంకెవరూ అలా చేయరు. ఎవరైనా వస్తున్నారని కబురందితే చాలు, ఇల్లంతా తుడిచి, కిటికీ అద్దాలు పేపరుతో రుద్ది, మంచాల మీద తెల్ల దుప్పట్లు ముడత లేకుండా పరిచేది. వచ్చినవాళ్లకు కడిగిన గ్లాసుల్లో చల్లటి నీళ్లిచ్చేది. పరాయివాళ్లు తన ఇల్లు మురికిగా చూస్తారన్న ఊహ ఆమె తట్టుకోలేదు. తనను బయటికి పంపే పనిని ఆ విధంగా తనే సులువు చేసిపెట్టింది.

"నేను నోరు తెరవక్కర్లేకుండా పోయింది పిన్నీ" అన్నాడు బ్రోకరు. "తలుపు తీస్తే చాలు, ఇల్లే మాట్లాడుతోంది. మిగతా ఇళ్లకు కూడా నిన్ను తీసుకెళ్తే బాగుండు."

వాడు వెళ్లాక డ్రైవరు లేచి మంచం మీది తెల్ల దుప్పటిని చుట్టి మూలకు విసిరాడు.

"నీకు మతి ఉందా? వాళ్లు వెళ్లిపోవాలా, ఉండిపోవాలా?"

"దుమ్ములో నిలబెట్టి చూపించమంటావా?"

"చూపించు! ఉల్లిపాయ తొక్కలు గది మధ్యలో పొయ్యి. నా బూట్లు వాళ్ల మొహాన పెట్టు. నీళ్లెందుకిస్తున్నావ్, వాళ్లేమైనా చుట్టాలా?"

"దాహమేస్తే చుట్టాలు కాకపోయినా తాగుతారు."

"అయితే స్నానానికి కూడా నీళ్లు తోడిపెట్టు!"

లోపలి గదిలోంచి వదిన నవ్వు, ఆ వెంటనే దగ్గు వినిపించాయి.  ఆ ఇంట్లో తగవులన్నీ ఆ దగ్గు దగ్గరే ఆగుతాయి.

చివరికి ఒక లాడ్జి మేనేజరు, ఆయన భార్య వచ్చారు. ఇల్లు దాదాపు ఖాయమన్న ధీమాతో ఇంటాయన కూడా వెంట వచ్చాడు. ఆ అమ్మాయి వివేకం గలది. గదులన్నీ చూసి, "సరస్సు ఇంత దగ్గర కదండీ, చెమ్మ రాదా?" అని అడిగింది.

"చెమ్మా? ఈ ఇంటికా?" బ్రోకరు గోడ మీద అరచేత్తో చరిచాడు. "కట్టడమే అలాంటిదమ్మా. ఆ రోజుల్లో అంత గట్టిగా కట్టారు."

పిన్ని చేతిలో నీళ్ల గ్లాసులున్న పళ్లెం ఉంది. దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టింది.

"కట్టడమా?" అంది.

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అన్నాడు ఇంటాయన.

"కట్టడమట! మేం వచ్చినప్పుడు ఈ గోడకు చెయ్యి పెడితే పూత చేతికొచ్చింది. అమ్మాయీ, ఇటు రా. ఈ కంత చూడు, సిమెంటుతో మూసేసి ఉంటే నేను ఉలితో తెరిచాను. వెనక్కి రా. ఈ కాలువ చూడు. వానలకు ముందు ఇందులో ఆకులు తియ్యకపోయావో, గోడ మళ్లీ నల్లబడుతుంది. గోడకు బీరువా ఆనించావో, వెనక బూజు పడుతుంది. లోపల తడిబట్టలు ఆరేశావో, అంతే. ఏటా సున్నం నువ్వే వెయ్యాలి, ఈయన వెయ్యడు. ఇంకో పెయింటు పూయిస్తాడు, దాంతో అయిపోతుంది."

"అమ్మా, మర్యాదగా మాట్లాడుతున్నాను" అన్నాడు ఇంటాయన. "ఇల్లు నాది."

"గోడ మీది. కాదన్నానా? పొడి నాది. గోడ మీకిచ్చేస్తాను. పొడి ఎలా తీసుకుంటారో తీసుకోండి."

ఆ అమ్మాయి భర్త చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ మర్యాదగా సెలవు తీసుకుని వెళ్లిపోయారు. గ్లాసుల్లో నీళ్లు ఎవరూ ముట్టుకోలేదు. ఇంటాయన మెడ ఎర్రబడింది. బ్రోకరు చెప్పుల్లో కాళ్లు తప్పుగా పెట్టి, మళ్లీ మార్చుకుని, ఆయన వెంట పరుగెత్తాడు. చిన్న ఊరు, ఆ సంగతి దుప్పట్లతో పాటే లాడ్జీలన్నిటికీ చేరింది. ఆ తరవాత వచ్చినవాళ్లంతా మొదట అడిగిన ప్రశ్న, ఆ కాలువ ఎవరు శుభ్రం చేస్తారని.

కొన్నాళ్లకు ఇంటాయనే నా దగ్గరికి వచ్చాడు. మధ్యేమార్గం ఒకటి ఆలోచించాను, మీ ఎదుటే చెబుతాను రండి అన్నాడు. ఇద్దరం వెళ్లాం. ముందు గదిలో డ్రైవరు, పిన్ని ఎదురుగా కూర్చున్నారు. వదిన లోపలి గదిలో పడుకుని ఉంది. తలుపు ఓరగా తెరిచి ఉంది.

"వెనక వీధిలో నాకింకో ఇల్లుంది" అన్నాడాయన. "ఖాళీగానే ఉంది. అందులోకి మారండి. అద్దె ఇప్పుడిచ్చేదే ఇవ్వండి, ఒక్క రూపాయి పెంచను. అమ్మ చెయ్యి మంచిది. ఏడాదో రెండేళ్లో దాన్నీ ఇలాగే చేసుకుంటారు."

"ఆ తర్వాత?" అంది పిన్ని.

"తర్వాత సంగతి తర్వాత చూసుకుందాం."

"తర్వాత మూడోది కూడా ఉందా సార్?" అన్నాడు డ్రైవరు.

"ఉండేది. అది మా తమ్ముడి వాటాకు పోయింది" అన్నాడు ఇంటాయన, ఏమాత్రం వెటకారం లేకుండా. డ్రైవరు అడిగింది ఎగతాళి అని ఆయనకు తట్టనే లేదు. తను ఉపకారం చేస్తున్నాననే ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. కపటంతో ఆ మాట అని ఉంటే నాకు కోపం కొంత తక్కువ వచ్చేదేమో.

"ఆ ఇల్లు చూశాను" అంది పిన్ని. "కిటికీ ఎత్తు దాకా తడి ఉంది. మా వదిన అందులో ఒక్క వానాకాలం దాటదు. ఇక్కడ పడుకుంటోందండీ ఆవిడ. మీకు తెలుసా? పడుకుని నిద్రపోతోంది."

ఆయన లోపలి గది తలుపు వైపు చూశాడు. ఆ సంగతి ఆయనకు తెలియదని నాకు అర్థమైంది. ఇటు తిరిగి, ఉదారంగా అన్నాడు: "సరే. అయితే ఆవిడ ఉన్నంత కాలం మీరు ఇక్కడే ఉండండి. కావాలంటే రాసిస్తాను. ఇక్కడి నుంచే వెళ్లి ఆ ఇల్లు బాగుచేసి పెట్టండి. సరేనా?"

డ్రైవరు సరేననబోయాడు. పెదవులు కదిలాయి కూడా. అంతలో తలుపు పూర్తిగా తెరుచుకుంది. వదిన గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"నేనున్నంత కాలమా?" అంది.

"అంటే నా ఉద్దేశం..."

"ఆగు. నేను ఆగి ఆగి మాట్లాడతా. మధ్యలో దూరకు." ఊపిరి తీసుకుంది. "అంటే నేను పోయిన మర్నాడు... వీళ్లు సామాను సర్దుకోవాలి. అంతేగా?" మళ్లీ ఊపిరి. "నేను ఇక్కడ దగ్గితే... నువ్వు షాపులో కూర్చుని... ఇంకెన్నాళ్లని చూస్తావా?"

"అక్కా, కూర్చో" అన్నాడు డ్రైవరు.

"నువ్వూ దూరకు. రేపు నువ్వు నన్ను ఆస్పత్రికి తీసుకెళ్తే... అక్క కోసమా, ఇంటి కోసమా అని... నాకనుమానం రావాలా? దానిచేత తిండి తినిపించుకుంటూ... నేను అది ఆలోచించాలా?"  ఆగి ఆగి వచ్చినా గొంతు స్పష్టంగా ఉంది. ఒకప్పుడు ఊరంతా తీగల మీద విన్న గొంతు అది. "నా ఊపిరి... గడువుగా పెట్టడానికి... నువ్వెవడివి?"

ఇంటాయన నా వైపు చూశాడు. నేను ఆయనకు సాయం రాలేదు.

"రాస్తే దీని పేరు మీద రాయి" అంది వదిన, మరదలి వైపు చెయ్యి చూపించి. "ఏళ్లు రాయి. నేనున్నా, పోయినా... ఆ ఏళ్లు ఆ ఏళ్లే."

"ఎన్నేళ్లని..."

"దూరకన్నానా? పదిహేను."

ఆయన అయిదన్నాడు. ఏడన్నాడు. వదిన దగ్గింది. పదన్నాడు. వదిన అప్పుడు వచ్చి కుర్చీలో కూర్చుంది.

ఆయన మనసు కరిగిందని నేను రాయను. నేను చూసింది అది కాదు. ఈ ఇంటికి వచ్చేవాళ్లు కాలువ సంగతి అడుగుతున్నారు. వెనక వీధి ఇల్లు నల్లబడి ఖాళీగా పడి ఉంది. రెండింటికీ కావలసిన మనిషి ఆయన ఎదురుగా కూర్చుని ఉంది. షోరూంలో వచ్చినవాణ్ణి చూసినట్టే ఆమెను చూశాడు, తనకు ఏది లాభమో తేల్చుకున్నాడు.

అప్పుడు పిన్ని తన షరతు చెప్పింది. "ఆ ఇంటికి నేను వచ్చి ఏం చెయ్యాలో చెబుతాను. పార పట్టను. తవ్వేది, గీకేది, మోసేది మీ మనుషులు."

"అలాగే."

"ఆరాక అందులోకి వచ్చేవాళ్లకు కూడా ఇలాగే ఏళ్లు రాస్తారా?"

"వాళ్ల సంగతి వాళ్లతో నేను చూసుకుంటానమ్మా" అన్నాడు. ఆ ఒక్కదానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. ఆమె కుర్చీలో ఉన్న వదిన వైపు ఒకసారి చూసింది. తరవాత సరేనంది. ఆ సరే అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో పక్కన కూర్చున్న నాకు తెలుసు. ఊరూ పేరూ తెలియని మనుషుల కోసం ఆమె అడగగలిగింది, సాధించలేకపోయింది.

ఒప్పందం నేనే దగ్గరుండి రాయించాను, రిజిస్టరు చేయించేదాకా వదల్లేదు. ఆఫీసు మెట్లు దిగుతూ ఇంటాయన నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "అందరికీ మేలే జరిగింది కదా సార్" అన్నాడు.

"నాకలా కనబడటం లేదు" అన్నాను.

ఆయన నవ్వాడు. పెద్దవాళ్లకు చాదస్తం ఎక్కువని అనుకుని ఉంటాడు. అనుకోనివ్వండి. ఒక మనిషి తన చేతులతో బాగుచేసుకున్న చోట ఉండటానికి ఇంకో చోటు బాగుచేసి ఇవ్వవలసి వచ్చిందంటే, ఆ ఒప్పందంలో ప్రతి వాక్యమూ సక్రమంగా ఉన్నా, ఆ ఒప్పందం సక్రమమైనది కాదు.

సాయంత్రం వాళ్లింటి వైపు వెళ్లాను. పిన్ని గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. ఆమె మొహం చూసి పలకరించడానికి నాకే జంకు పుట్టింది. డ్రైవరు పక్కన నిలబడి, ఏం చెయ్యాలో తెలియక చొక్కా చేతులు మడుస్తున్నాడు, విప్పుతున్నాడు.

"గెలిచాం కదా" అన్నాడు. "ఇంకా ఆ మొహమేంటి?"

"ఏం గెలిచాం?" ఆమె గొంతు వీధిలోకి వినిపించింది. "చెప్పు, ఏం గెలిచాం? నిన్న ఎక్కడున్నామో ఇవాళా అక్కడే ఉన్నాం. అదే మెట్టు, అదే గోడ. దీనికి ఇంతమంది కూర్చోవాలా? మీ అక్క ఊపిరాడక లేచొచ్చి నిలబడాలా? ఉన్నచోట ఉండటానికి ఇంకో ఇల్లు ఆరబెట్టి చేతిలో పెట్టాలా? మెట్లు దిగుతుంటే థాంక్స్ చెప్పాను ఆయనకి. నేను! నోట్లోంచి వచ్చేసింది. ఎందుకు చెప్పాను థాంక్స్?"

డ్రైవరు చొక్కా చేతులు మళ్లీ మడవసాగాడు. 

లోపల్నుంచి వదిన పిలిచింది. "తిట్లు... రేపటికి కొన్ని ఉంచుకో. తలుపెయ్యి. గాలొస్తోంది, నాకు నిద్రొస్తోంది."

సున్నం పిన్ని లేచింది. భర్తను లోపలికి తోసి, నాకు చెయ్యెత్తి ఒక్క నమస్కారం పెట్టి, తలుపు వేసింది. ఆ వేసిన విసురుకు ఎదురింటి కిటికీలు కూడా తెరుచుకున్నాయి.